పసుపులోని వన్నెలను వేరుపరచు సబ్బునీరు

పూర్వపు కరీంనగరు జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములందును, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ ప్రాంతమునందును పసుపు పండించు గ్రామములు పెక్కు గలవు. దుంపలను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టిన పిమ్మట రైతు కాడిని వేరుగను, గోళను వేరుగను మార్కెట్టునకు కొనిపోవును. అచ్చట కొనువాడు కొమ్మును విరిచి లోపలి రంగును చూచును. ఎనిమిది తొమ్మిది నెలల కష్టమునకు ధర కట్టుటలో ఆ చూపునకు గల పలుకుబడి గ్రామస్థులకు తెలియనిది కాదు.

కంటికి ఒక్కటిగా కనిపించు ఆ వన్నె నిజమునకు మూడు పదార్థముల కలయిక. అందు ముఖ్యమైనది కర్క్యుమిన్. తక్కిన రెండును దానికి తోబుట్టువుల వంటివి. ఈ మూడును కలిసి పసుపు తూకములో సాధారణముగా నూటికి 2 మొదలు 5 వంతుల వరకు ఉండును. పసుపుపొడిలో ఇవి నూటికి 2 వంతులకు తగ్గరాదని ఆహార ప్రమాణముల నిబంధన. నాసిరకపు పొడికి నిగనిగ తెచ్చుటకై మెటానిల్ ఎల్లో అను నిషిద్ధమైన రంగును కలుపువారు కలరు. దీనివలన తినువారికి హాని. నిజమైన సరకు పండించినవానికి నష్టము.

రంగును కొలుచు సాధారణ యంత్రము పసుపు సారములోని మొత్తము వన్నెను మాత్రమే చెప్పును. మూడు కుండల నీటిని ఒకే తొట్టిలో పోసి లోతు కొలిచినట్లే. పరాయి రంగు కలిసినచో అదియు లెక్కలో చేరి మోసపుచ్చవచ్చును. కావున కొలుచుటకు ముందు వేరుపరుపవలెను.

రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెట్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆకులలోని రంగులను సుద్దపొడి నింపిన గొట్టము గుండా దింపి వేరుచేసెను. క్రొమటోగ్రఫీ అను పద్ధతికి అదియే మొదలు. విద్యుత్తుచే పదార్థములను నడిపించి వేరుచేయుటలో స్వీడన్ దేశీయుడు టిసేలియస్ కృషిచేసి 1948లో నోబెల్ బహుమానము నందెను. అయితే విద్యుదావేశము గల పదార్థములనే విద్యుత్తు ఈడ్చును. ఆవేశము లేనివన్నియు ఒక్క గుంపుగా కొట్టుకొనిపోవును. ఈ చిక్కును 1984లో జపాను శాస్త్రజ్ఞుడు షిగెరు తెరబేయు, ఆయన సహచరులును సబ్బు వంటి పదార్థముతో విడదీసిరి. ఆ పద్ధతికే మిసెల్లర్ ఎలక్ట్రోకైనెటిక్ క్రొమటోగ్రఫీ అని పేరు.

పేరు పెద్దదైనను పని తెలిసికొనుట కష్టము కాదు. సబ్బు జాతి పదార్థము నీటిలో ఒక మోతాదు దాటినపుడు దాని అణువులు పదుల సంఖ్యలో గుమిగూడి చిన్న ఉండలగును. వీనినే మిసెల్స్ అందురు. ధర్మపురి వద్ద గోదావరిని తలచుకొనుడు. వెండ్రుక కంటెను సన్నని రంధ్రము గల గాజుగొట్టములో, వేల వోల్టుల విద్యుత్తు వలన నీరు ఆ నది వలె ఒక వైపునకు సాగును. మిసెల్స్ ఎదురేగజూచు పడవలు. ప్రవాహమే బలమైనది గనుక అవియు క్రిందికే పోవును, కాని మెల్లగా. నీటిలోని పదార్థములు ఒకపరి పడవ నెక్కుచు, ఒకపరి దిగుచు పోవుచుండును. పడవపై హెచ్చుకాలము గడపునది వెనుకబడును; తక్కువ గడపునది ముందుగా గట్టు చేరును. ఆ విధముగా ఒక్కొక్కటి వేరై, గొట్టము చివర దీపపు వెలుగులో తన గురుతు చూపును.

దీనికి వలయు నమూనా ఒక బొట్టులో అత్యల్ప భాగము; ఖరీదైన ద్రావకముల వ్యయము స్వల్పము. 1998లో క్విరినో, తెరబే ఇరువురును మిసెల్స్‌చేత నమూనాలోని పదార్థమును చీపురుతో ఊడ్చి కుప్పచేసినట్లు ఒకచోట చేర్చి, అయిదువేల రెట్లకు పైగా చిక్కపరుపవచ్చునని చూపిరి.

లోపములును లేకపోలేదు. పసుపునకు సున్నము తగిలినచో ఎర్రబడుట మన యిండ్లలో కుంకుమ చేయు స్త్రీలెరుగుదురు. క్షారగుణము గల ద్రవములో కర్క్యుమిన్ రంగు మారుటయే గాక త్వరగా చెడిపోవును. కావున ద్రవమును జాగ్రత్తగా ఎన్నుకొనవలెను. అణువుల బరువు కనుగొను యంత్రముతో జోడించునపుడు ఆవిరికాని సబ్బు అడ్డుపడును గనుక ఆవిరియగు రకములను వెదకవలసి వచ్చెను. పసుపునకు పూయు లెడ్ క్రోమేటు అను సీసపు రంగును పట్టుటకు వేరు పరీక్షలు కావలెను. నిత్యపరీక్షలలో నేటికిని అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీకే వాడుక హెచ్చు.

ఏ యంత్రమైనను తనకు పంపిన చిటికెడు పొడిని గురించియే చెప్పగలదు. నమూనా తీయుట పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయము. సంచి పైపొరనుండి చెంచాడు తీసిన చాలదు. పైన, నడుమ, అడుగున తీసి బాగుగా కలిపి, అందుండి భాగము తీయవలెను. వెలుగు సోకిన కర్క్యుమిన్ క్షీణించును గనుక శుభ్రమైన, పొడియైన, వెలుతురు చొరని డబ్బాలో నింపి ముద్రవేసి, తేదీయు స్థలమును వ్రాయవలెను.

2006 ఆహార భద్రతా చట్టము 40వ సెక్షను ప్రకారము కొనుగోలుదారుడెవరైనను రుసుము చెల్లించి ఫుడ్ అనలిస్టుచే పరీక్ష చేయించుకొనవచ్చును. అయితే కొనునపుడే ఆ ఉద్దేశమును దుకాణదారునకు తెలుపవలెను. దోషము తేలినచో రుసుము తిరిగి పొందుటకు హక్కు గలదు. రైతు తన కళ్లములో నుంచుకొన్న పంటకు ఈ చట్టము వర్తింపదు. పొడియై అంగడికెక్కిన సరకునకు వర్తించును.