ప్రతి లేని సంపద

కృష్ణా డెల్టాలో కూచిపూడికి చేరువన ఉన్న మొవ్వ గ్రామం క్షేత్రయ్య పేరుతో తెలుగువారికి సుపరిచితం. పదిహేడవ శతాబ్దికి చెందిన ఈ పదకర్త తన పదాలను మువ్వగోపాలునికి అంకితం చేశాడు. తంజావూరు, మధుర, గోల్కొండ ప్రభువుల ఎదుట ఆయన చెప్పిన పదాలు నాలుగు వేలకు పైబడినవని ఆయన పేర నిలిచిన ఒక పదమే లెక్క చెబుతున్నది. నేడు లభిస్తున్నవి మూడు, నాలుగు వందలు మాత్రమే. తాటాకుల మీదా గాయకుల కంఠాలలోనూ నిలిచినవే నిలిచాయి. మరొకచోట ప్రతి లేనివి కాలగర్భంలో కలిసిపోయాయి. తమిళనాట వీణ ధనమ్మాళ్ (1867–1938) వంటి విదుషీమణుల కుటుంబాలు ఈ పదాలను తరతరాలుగా పాడుతూ కాపాడాయి. మొవ్వ పదం కావేరీ తీరాన భద్రపడింది.

నేటి తాటాకుల కట్ట ల్యాప్‌టాప్. మొవ్వ నుండి పామర్రు మీదుగా విజయవాడకు చదువుకోసం వెళ్లే విద్యార్థి సంచిలో తరచుగా ఉండేది అన్నో అక్కో వాడి ఇచ్చిన పాత యంత్రమే. అమ్మితే దానికి వచ్చే ధర స్వల్పం. కాని ఏడాదిపాటు శ్రమించి రాసిన ప్రాజెక్టు నివేదిక, ధ్రువపత్రాల ప్రతులు, కన్నుమూసిన నాయనమ్మ గొంతు అన్నీ అందులోనే ఉంటాయి. పాతదే కదా అనే ఉదాసీనత వల్ల ఈ సంపదకు ముప్పు కలుగుతుంది.

మొదటిది వస్తువు రక్షణ. బస్సులో సంచిని పై అరలో వదిలి నిద్రపోరాదు; ఒడిలో ఉంచుకోవాలి. రైలులో సంచిని బెర్తు కింద గొలుసుతో కట్టి తాళం వేయాలి. ప్రయాణికుడు వెంట తీసుకొనిపోయే సామాను పోతే, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం లేదా దుష్ప్రవర్తన రుజువైతే తప్ప రైల్వే బాధ్యత వహించదని 1989 నాటి రైల్వేల చట్టం, 100వ సెక్షను చెబుతున్నది. పాత ల్యాప్‌టాపులలో చాలావాటికి అంచున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దానికి ఉక్కుతీగ తాళం బిగించి హాస్టలు గదిలోని బల్లకు కట్టివేయవచ్చు. అడుగున అంటించిన కాగితంపై ఉండే క్రమసంఖ్య అరిగిపోకముందే దానిని రాసి, కొనుగోలు రశీదుతో పాటు ఇంటివద్ద దాచాలి.

రెండవది సమాచార రక్షణ. తెరపై అడిగే పాస్‌వర్డు వీధి తలుపు గొళ్లెం వంటిది. లోపలి డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే, ఆ పాస్‌వర్డు అవసరం లేకుండానే ఫైళ్లు తెరుచుకుంటాయి. దీనికి విరుగుడు గుప్తీకరణ, అనగా డిస్కులోని సమాచారాన్నంతటినీ తాళపు పదం లేనివారికి అర్థంకాని సంకేతాలుగా మార్చడం. విండోస్ ప్రొఫెషనల్ రకాలలో బిట్‌లాకర్, లినక్స్‌లో లక్స్ ఈ పని చేస్తాయి. వెరాక్రిప్ట్ అనే ఉచిత సాధనమూ ఉన్నది. తాళపు పదం మరచిపోతే యజమానికీ ఫైళ్లు దక్కవు. కనుక పునరుద్ధరణ సంకేతాన్ని కాగితంపై రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాక ఇంటి బీరువాలో ఉంచాలి. ప్రయాణానికి ముందు యంత్రాన్ని నిద్రావస్థలో ఉంచక పూర్తిగా ఆపివేయాలి.

ఈ జాగ్రత్త లోపిస్తే ఎంత నష్టమో అమెరికాలో వెల్లడైంది. 2006 మే నెలలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఇంట ల్యాప్‌టాప్, బయటి హార్డ్‌డిస్కు చోరీ అయ్యాయి. వాటిలోని 2 కోట్ల 65 లక్షల మంది వివరాలకు గుప్తీకరణ లేదు. మరుసటి నెలలో వస్తువులు దొరికినా, బాధితుల దావాను పరిష్కరించుకోవడానికి ప్రభుత్వం 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ప్రతి. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి వేరొక ఊరిలోనో ఇంటర్నెట్ నిల్వలోనో ఉండాలి. ఒకే బీరువాలో దాచిన మూడు ప్రతులు ఒక్క ప్రతితో సమానం. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన దివిసీమకు పొరుగున ఉన్నవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

ఇంత చేసినా వస్తువు పోవచ్చు. అప్పుడు వెంటనే మరొక పరికరం నుండి ఈమెయిలు, బ్యాంకు ఖాతాల పాస్‌వర్డులు మార్చాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, దొంగతనం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితంగా పొందవచ్చు. ఇంటివద్ద రాసి ఉంచిన క్రమసంఖ్య ఆనాడు అక్కరకు వస్తుంది.

యంత్రం తిరిగి దొరకకపోవచ్చు. కాని నివేదికకు మరొక ప్రతి ఉన్న విద్యార్థి పరీక్షకు హాజరవుతాడు. నాయనమ్మ గొంతు ఇంట్లో మళ్లీ వినిపిస్తుంది.

ప్రశ్నలు
1. క్షేత్రయ్య పదాలలో కొన్ని మాత్రమే నిలవడానికి కారణమేమి?
2. పాస్‌వర్డుకు, గుప్తీకరణకు గల భేదాన్ని వివరించండి.
3. "ఒకే బీరువాలో దాచిన మూడు ప్రతులు ఒక్క ప్రతితో సమానం" – సమర్థించండి.