కళాశాల రోజుకు నమాజ్ వేళలే కొలత

కళాశాలలో చేరిన పిల్లల గురించి తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "మౌలానా సాహెబ్, బడిలో చదివేటప్పుడు ఐదు పూటలా నమాజ్ చేసేవాడు. డిగ్రీకి వెళ్లినప్పటి నుంచి తీరిక లేదంటున్నాడు" అని. పిల్లలను అడిగినా అదే జవాబు వస్తుంది. పొద్దున్నే బస్సు, పగలంతా తరగతులు, సాయంత్రం అబ్బాకు తోడుగా దుకాణం, రాత్రి రికార్డులు రాయడం. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని తీరిక లేకపోవడం వేరు, రోజుకు ఒక క్రమం లేకపోవడం వేరు. మేము చూసినంతలో ఎక్కువమంది విద్యార్థులది రెండో ఇబ్బందే.

నమాజ్ నిర్ణీత వేళల్లో విధి చేయబడిందని దివ్య ఖుర్ఆన్‌ నిసా సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. ఆ వేళలను ఒకసారి గడియారంతో పోల్చి చూద్దాం. మన సిద్దిపేటలో జుహర్ వేళ ఏడాది పొడవునా పన్నెండు, పన్నెండున్నర మధ్య ప్రవేశిస్తుంది. హనఫీ లెక్క ప్రకారం చలికాలంలో సైతం అది సాయంత్రం 4 గంటల వరకు ఉంటుంది. అంటే మధ్యాహ్న భోజన విరామం ఎప్పుడు ఇచ్చినా అది జుహర్ వేళలోనే పడుతుంది. డిసెంబరులో అస్ర్ వేళ 4 దాటిన కాసేపటికి మొదలై 5.45 ప్రాంతంలో సూర్యాస్తమయంతో ముగుస్తుంది. జూన్‌లో అది దాదాపు 5 గంటలకు మొదలై ఏడుకు కాస్త ముందు ముగుస్తుంది. తరగతులు వదిలిన తర్వాత అస్ర్‌కు చోటు ఉండనే ఉంది. మరి కళాశాల అడ్డం వచ్చింది ఏ నమాజ్‌కు? నిజానికి విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేది ఫజర్. దాన్ని పోగొట్టేది కళాశాల కాదు, రాత్రి పన్నెండు దాటినా చేతిలో ఉండే ఫోను. ఇషాకు ముందు నిద్రను, ఇషా తర్వాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని సహీహ్ బుఖారీలో ఉంది. చదువు కోసం మేలుకోవడం ఈ అయిష్టం కిందికి రాదని ఉలమాలు వివరించారు. హజ్రత్ అబూహురైరా (రజి) తన రాత్రిని మూడు భాగాలు చేసుకొని ఒక భాగం నిద్రకు, ఒక భాగం నమాజ్‌కు, మరొక భాగం హదీసుల మననానికి కేటాయించేవారట. నిద్రకు కూడా అందులో వాటా ఉందన్న సంగతి పరీక్షల రోజుల్లో మన పిల్లలు గుర్తుంచుకోవాలి.

జుమా విషయంలో మాత్రం కాస్త ముందుచూపు కావాలి. ఖుత్బా వేళ మస్జిదు మస్జిదుకూ మారుతుంది. మీ విరామ సమయానికి సరిపోయే మస్జిద్ ఏదో సంవత్సరారంభంలోనే తెలుసుకోండి. ప్రాక్టికల్స్ శుక్రవారం మధ్యాహ్నం పడితే, టైమ్‌టేబుల్ వేసేటప్పుడే నలుగురు కలసి మర్యాదగా దరఖాస్తు ఇవ్వండి. చెప్పకుండా తరగతి మానేయడం కంటే అది ఎంతో మేలు.

హైదరాబాదులో చదివే వారి సమస్య మరొకటి. సిద్దిపేట నుండి సికింద్రాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. హనఫీ ఉలమాలు ప్రయాణపు హద్దుగా చెప్పే 48 మైళ్లు, అంటే దాదాపు 78 కిలోమీటర్ల కంటే ఇది ఎక్కువ. కనుక అక్కడ పదిహేను రోజులకు తక్కువగా ఉండే ఉద్దేశంతో వెళ్లినవారు జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులుగా చేస్తారు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే నాలుగూ పూర్తి చేయాలి. పదిహేను రోజులు లేదా అంతకు మించి హాస్టల్లో ఉండాలనుకున్నవారికి ఈ సడలింపు లేదు. కరీంనగర్‌లో చదివేవారికీ లేదు, ఆ దూరం అంత లేదు. ఇంటికి వస్తే ఒక్క పూట ఉన్నా పూర్తి నమాజే. ప్రతి వారం వచ్చిపోయేవారి విషయంలో వివరం ఎక్కువ, వారు తమ దినచర్య చెప్పి దగ్గరలోని ఆలిమ్‌ను అడగాలి. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు వచ్చింది. బస్సయినా రైలయినా, సాయంత్రం బయలుదేరేవారు మగ్రిబ్ వేళ చిన్నదని మరువవద్దు. అది గంటంబావుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది. నమాజ్ చేసి తర్వాతి బస్సు ఎక్కడమే క్షేమం.

ఇక దుకాణంలో కూర్చుంటూ చదివే పిల్లలున్నారు. వీరిని చూస్తే మాకు హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకు వస్తారు. ఆయన, ఆయన పొరుగున ఉండే ఒక అన్సారీ సోదరుడు వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఈయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళితే మరునాడు ఆయన వెళ్లేవారు. వెళ్లినవారు ఆనాడు విన్నదంతా రెండోవారికి వినిపించేవారు. సంపాదనా ఆగలేదు, విద్యా ఆగలేదు. తరగతి తప్పక తప్పినప్పుడు ఆ సాయంత్రమే పాఠం చెప్పగల ఒక మంచి స్నేహితుణ్ణి చూసుకోవడం సహాబాల పద్ధతే. హాజరు శాతం లెక్క మాత్రం మరచిపోకూడదు సుమా!

డబ్బు సంగతి చెప్పుకోవడానికి మన ఇళ్లలో మొహమాటం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమవుతుంది. ఆ బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ఆ లోటులో కొందరు పిల్లలు ఇంట్లో చెప్పలేక ఫోనులోని రుణ యాప్‌ల వైపు చూస్తున్నారు. అది వడ్డీ, హరామ్. పైగా 2020 డిసెంబరులో ఆ యాప్‌ల వేధింపులు తాళలేక మన తెలంగాణలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. బిడ్డలారా! ఎంత అప్పు పడినా అబ్బాతో చెప్పండి. అబ్బాలారా! చెప్పిన రోజున అరవకండి. అరిస్తే రెండో అప్పు సంగతి మీదాకా రాదు. చదువు ఖర్చుకు నిజంగా ఇబ్బందిలో ఉన్న విద్యార్థి జకాత్‌కు అర్హుడైతే తీసుకోవడంలో సిగ్గు లేదు, వడ్డీ తీసుకోవడంలోనే సిగ్గుంది.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమయింది, దారి ఖర్చు అనే సాకు తగ్గింది. కాని కళాశాల నుండి వచ్చిన కూతురికి అంట్లు, వంట, తమ్ముళ్ల చదువు అప్పగించి, కొడుకు మాత్రం అలసిపోయాడని మంచం వేసే ఇళ్లు మాకు తెలుసు. దైవప్రవక్త (స) ఇంట్లో తన వారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అమ్మీలు ఆ పనుల్లో రెండు కొడుక్కి అప్పగిస్తే, మగ్రిబ్ నుండి ఇషా వరకు కూతురికి పుస్తకం తెరిచే వేళ దొరుకుతుంది.