రాత్రి ఆకాశం ఫోటోల్లో రంగు చుక్కలెందుకు?

ప్రశ్న: మే నెలలో ట్రాకర్‌పై కెమెరా బిగించి పాలపుంతను నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీస్తే, నక్షత్రాల మధ్య ఎరుపు, నీలం చుక్కలు నిండిపోయాయి. కెమెరా చెడిపోయిందా?

జవాబు: చెడిపోయి ఉండకపోవచ్చు. కాంతిని విద్యుత్తుగా మార్చే సెన్సర్‌లో వెలుతురు ఏమాత్రం పడకపోయినా, వేడి వల్లనే కొంత విద్యుత్తు పుడుతుంది. అది అధికంగా పుట్టే బిందువులే రంగు చుక్కలుగా కనిపిస్తాయి. సెన్సర్ వేడి సుమారు 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఈ విద్యుత్తు రెట్టింపవుతుంది గనుక, డిసెంబరులో కనబడని చుక్కలు మేలో బయటపడతాయి.

ఇవి సెన్సర్‌పై చోటు మారవు కాబట్టి, ఆకాశాన్ని తీసిన వెంటనే లెన్స్‌కు మూతపెట్టి, అదే ఐఎస్ఓ, అదే ఎక్స్‌పోజర్ సమయంతో పది పదిహేను చీకటి ఫోటోలు తీసి, వాటి సగటును కంప్యూటర్‌లో అసలు ఫోటో నుంచి తీసివేయాలి. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ చేసేదీ దాదాపు ఇదే, కాని అది ఒక్క చీకటి ఫోటోతోనే సరిపెట్టి, ప్రతిసారీ రెట్టింపు సమయం తింటుంది. ఫోటో ఫోటోకూ మారిపోయే గరుకుదనం వేరే సంగతి. నక్షత్రాలు కలిసేలా 16 ఫోటోలను పేర్చి సగటు తీస్తే, అది నాలుగో వంతుకు తగ్గుతుంది. వీటన్నిటికీ ఫోటోలు రా ఫార్మాట్‌లో ఉండాలి.

పట్టపగలు తీసిన ఫోటోల్లోనూ అవే చుక్కలు కనబడితే, చెడిన బిందువులను గుర్తించి పక్కవాటితో సరిపుచ్చే పిక్సెల్ మ్యాపింగ్ కోసం కెమెరాను సర్వీస్ సెంటర్‌లో చూపించాలి.