గిడ్డంగి షట్టరు క్రింద నిలువరాదు

విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది మొదలు మన పల్లెల యువకులు అచ్చటి గిడ్డంగులలో పనికి పోవుచున్నారు. వారికొక మాట చెప్పుచున్నాము. పైకి చుట్టుకొను ఇనుపతలుపు బరువును, అనగా షట్టరు బరువును, పైనున్న స్ప్రింగులే మోయును. ఉప్పుగాలికి అవి తుప్పుపట్టును. బావిలో చేదత్రాడు తెగిన బొక్కెన పోవును; ఇచ్చట స్ప్రింగు తెగిన మనిషి పోవును. కావున కదలుచున్న షట్టరు క్రింద దూరరాదు. సగములో బిగిసినదానిని భుజముతో ఎత్తక, మేస్త్రీకి తెలుపవలెను.

లోపల మనుష్యులుండగా, బయటికి పోవు తలుపు లోపలినుండి వెంటనే తెరచుకొనవలెనని 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము ఆనాడే విధించియుండెను. అయినను దొంగలకు జడిసి బయట తాళము వేయు గుమాస్తాలను మేమెరుగుదుము. పనిలో చేరిన మొదటి దినముననే, షట్టరుగాక వేరుదారి ఎచ్చటనున్నదో చూచుకొని, తెరచి చూడుడు.