బకెట్టు నీటికి ఎన్ని జౌళ్లు?

ఆబిడ్స్‌లో, నాంపల్లిలో ఉంటున్న విద్యార్థులారా! మీ కుళాయి నీరు ఎంత ఎత్తెక్కి వస్తుందో లెక్క కడదామా?

1920లో పూర్తయిన గండిపేట చెరువు నగరం కంటే ఎత్తున ఉంది. అందుకే దాని నీరు తనంతట తానే పల్లానికి పారి వచ్చింది. 2004 నుంచి వస్తున్న కృష్ణ నీటి సంగతి వేరు. నాగార్జునసాగర్ నిండా ఉన్నా నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లే. హైదరాబాదు సుమారు 500 మీటర్లు. మిగిలిన 320 మీటర్లూ పంపులే ఎక్కించాలి.

మరుగుదొడ్డిలో ఒకసారికి 10 లీటర్లు, అంటే 10 కిలోల నీరు వదిలామనుకోండి. దాన్ని పైకి తేవడానికి జరిగిన పని 10 × 9.8 × 320 = 31,360 జౌళ్లు. 40 కిలోల విద్యార్థి 80 మీటర్లు, అంటే ఇరవై అంతస్తులకు మించి, ఎక్కినంత పని! గొట్టాల్లో ఘర్షణను మనం లెక్కలోకే తీసుకోలేదు.

ఇంత కష్టపడి వచ్చిన తాగే నీరు దొడ్డికెందుకు? బట్టలు జాడించిన నీటిని పట్టి అక్కడ పోయండి. సబ్బున్నా ఫరవాలేదు. రాత్రంతా మాత్రం నిలవ ఉంచకండి. బాక్టీరియా అందులోని మురికిని తింటూ ఆక్సిజన్‌ను ఖర్చుచేస్తాయి. తెల్లారేసరికి కంపు కొడుతుంది. (మా ఇంట్లో ఈ పాఠం నేను ముక్కుతోనే నేర్చుకున్నాను.) వంటింటి జిడ్డు నీరు వద్దు, గొట్టంలో పేరుకుంటుంది.

ఒక వారంపాటు మిగిలిన బకెట్లు లెక్కపెట్టి, జౌళ్లలోకి మార్చి చూడండి.