విజయ వేదిక దిగిన పిమ్మట

టెలివిజన్ పాటల పోటీలు నేటి యువతను మిక్కిలిగా ఆకర్షిస్తున్నవి. తరగతిలో మంచి కంఠం గల విద్యార్థి ఒకరుంటే చాలు, పోటీకి వెళ్ళుమని మిత్రులు ప్రోత్సహించడం పరిపాటి అయినది. పోటీలో గెలవడం ఎట్లాగో చెప్పేవారు అనేకులు. గెలిచిన పిమ్మట ఏమిటని ఆలోచించేవారు అరుదు. ఈ రెండవ ప్రశ్ననే మేము ఇక్కడ పరిశీలింపదలచాము.

మొదటి ఉదాహరణ మన విశాఖ నగరానిదే. శ్రీకాకుళంలో జన్మించి విశాఖలో పెరిగిన గాయకుడు ఎల్.వి. రేవంత్ 2017 ఏప్రిల్ 2న ‘ఇండియన్ ఐడల్’ తొమ్మిదవ విడత విజేతగా నిలిచారు. పంజాబుకు చెందిన ఖుదాబక్ష్ ద్వితీయ స్థానం, హైదరాబాదుకు చెందిన పి.వి.ఎన్.ఎస్. రోహిత్ తృతీయ స్థానం పొందారు. అయితే రేవంత్ ఆ రాత్రి పుట్టిన గాయకుడు కారు. అంతకుముందే తెలుగు చిత్రాలలో పాడుతూ, 2015లో ‘బాహుబలి’లో కూడా గళం వినిపించారు. గెలిచిన కొద్ది నెలలకు వచ్చిన ‘అర్జున్ రెడ్డి’లోనూ పాడారు. పోటీ ఆయనకు ఉత్తరాది శ్రోతలను పరిచయం చేసినది. వృత్తిని మాత్రం ఆయన ముందే సంపాదించుకొన్నారు.

ఆయనకు ముందు, 2010లో, అదే పోటీ ఐదవ విడతలో శ్రీరామచంద్ర గెలిచారు. 2013లో ‘యే జవానీ హై దీవానీ’ హిందీ చిత్రంలో శిల్పారావుతో కలిసి ‘సుభానల్లా’ పాట పాడారు. గెలుపునకూ ఆ పాటకూ నడుమ దాదాపు మూడేండ్లు గడిచినవి. ఆ తరువాత 2021లో శ్రీరామచంద్ర, 2022లో రేవంత్ ‘బిగ్ బాస్’ తెలుగు కార్యక్రమంలో పాల్గొన్నారు. రేవంత్ విజేత అయ్యారు. విజేతలు సైతం ప్రేక్షకుల దృష్టిలో నిలిచేందుకు మరల టెలివిజన్‌కు రావడం గమనింపదగినది.

విదేశాలలోనూ ఇదే తీరు. స్కాట్లాండుకు చెందిన లియాన్ జాక్సన్ 2007 డిసెంబరులో, 18 ఏండ్ల వయస్సులో, బ్రిటన్‌లో ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ పోటీ గెలిచారు. ఆయన పాట ఆ క్రిస్మస్‌కు అమ్మకాలలో ప్రథమ స్థానం పొందినది. 2008లో తొలి ఆల్బం వెలువడినది. 2009లోనే రికార్డు సంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకొన్నది. ఆ లోపుగానే పోటీకి మరొక కొత్త విజేత వచ్చి ఉన్నారు.

దీనికి కారణం స్పష్టం. పోటీలో తీర్పు ప్రేక్షకుల ఓటుది. రికార్డింగు గదిలో తీర్పు సంగీత దర్శకునిది. మొదటిది అభిమానాన్ని కొలుస్తుంది, రెండవది శిక్షణను కొలుస్తుంది. శ్రుతి, లయలతోపాటు ఉచ్చారణ కూడా ఆ శిక్షణలో భాగం. మరాఠీ కుటుంబంలో పుట్టిన లతా మంగేష్కర్, తన ఉర్దూ పలుకుబడిని దిలీప్ కుమార్ విమర్శించగా, ప్రత్యేకించి గురువును పెట్టుకొని ఉర్దూ నేర్చుకొన్నారు. ఖ, గ, జ వంటి అక్షరాలకు ఉర్దూలో గల ప్రత్యేక ధ్వనులు తెలుగు లిపిలో లేవు; వానిని చెవితో నేర్వవలసినదే. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే మన కళాశాలలో ఈ విద్య తోటి విద్యార్థి వద్దనే, రుసుము లేకుండా లభిస్తున్నది.

కనుక పోటీలకు వెళ్ళవద్దని మేము అనడం లేదు. పట్టా చేతికి రాకముందే చదువు మాని వెళ్ళవద్దని మాత్రమే మా మనవి. కళాశాల కమిటీవారు వారానికి ఒక గంట సంగీతానికి, ఉభయ భాషల ఉచ్చారణకు కేటాయించగలిగితే, ఇక్కడి నుండి వెళ్ళే గాయకునికి విజయం ఒక్క రాత్రి వెలుగుగాక జీవితానికి ఆధారం కాగలదు.