పాత ప్రింటరునుండి లోహపు కోతయంత్రము

దువ్వూరు ప్రాంతమున కె.సి. కాలువ క్రింద వరియు పసుపును పండించు రైతునకుగాని, మెట్టచేలలో విత్తు రైతునకుగాని యంత్రములోని చిన్న తునుక విఱిగినచో ప్రొద్దుటూరికి పరుగెత్తక తప్పదు. విత్తనయంత్రమందలి గాట్ల పళ్లెము విఱిగి, క్రొత్తది వచ్చులోపల పదను ఆరిపోయినచో ఆ నష్టము పళ్లెపు వెలతో తీరునది కాదు. కార్యాలయములలో మూలబడిన ప్రింటర్లను తూకమునకు అమ్ముటకు ముందు, అవి మనకెంతవఱకు పనికివచ్చునో విచారింతము.

సూదులతో కొట్టి అచ్చువేయు డాట్ మాట్రిక్సు ప్రింటరును విప్పినచో నునుపైన ఉక్కు కడ్డీయు, దానిపై జాఱు తలయు, స్టెప్పరు మోటార్లును సామాన్యముగా దొరకును. స్టెప్పరు మోటారు మెట్లుమెట్లుగా తిరుగును. చుట్టునకు 200 మెట్లు గలది మేలు. 48 మెట్లవియు నుండును. తలను లాగు రబ్బరు పట్టీ లోహపు కోతకు నిలువదు. దాని స్థానమున చుట్టునకు 2 మిల్లీమీటర్లు నడపు మరకడ్డీని తగిలించినచో, 200 మెట్ల మోటారుతో ఒక్కొక్క మెట్టునకు 0.01 మిల్లీమీటరు జరుగును.

1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున, కాగితపు పట్టీపై రంధ్రములను చదివి లోహమును కోయు యంత్రమును చూపిరి. నేడా పనిని 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో అను చిన్న పలక చేయగలదు.

అయితే మోటారు లెక్కను చూచి మురిసి కడ్డీ లెక్కను మఱవరాదు. 300 మిల్లీమీటర్ల యెడముతో రెండు కొనలయందు ఆనిన 8 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీపై నడుమ 10 కిలోల బరువు పడినచో అది సుమారు 1.4 మిల్లీమీటర్లు వంగును. యెడమును సగము చేసినచో వంపు ఎనిమిదవ వంతగును. కడ్డీ లావును రెట్టించినచో పదునాఱవ వంతగును. కావున యంత్రమును పొట్టిగా కట్టవలెను. వీలైనచో లావు కడ్డీలను కొని వేయవలెను.

ఇట్టి యంత్రముతో పలుచని అల్యూమినియము, ఇత్తడి, ప్లాస్టిక్కు రేకులను కోయవచ్చును. సాధనమును త్రిప్పుటకు వేఱొక మోటారు కావలెను. ఒకేసారి లోతుగా కోయరాదు. మాఱునకు 0.2 మిల్లీమీటరు చొప్పున 3 మిల్లీమీటర్ల రేకు 15 మాఱులలో తెగును. నాగటి కఱ్ఱు, ఇరుసు మున్నగు వానికి కమ్మరికొలిమియు లేతుయంత్రమునే శరణ్యములు.

విప్పుటకు ముందు కరెంటు తీగను ఊడదీసి కొంత తడవు ఆగవలెను. లోపలి కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును. జెరాక్సు యంత్రములోని నల్లపొడిని ఊదరాదు, కాల్చరాదు. కోయునపుడు కంటికి అద్దములు తప్పనిసరి. మిగిలిన పలకలను 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము అనుమతిగల వారికే ఈయవలెను.

యంత్రము సిద్ధమగువఱకు ఆగనక్కఱలేని పని యొకటి కలదు. విత్తనపు పళ్లెము బాగుగా నున్నపుడే దానిని కాగితముపై నుంచి గీచి, వ్యాసము, మందము, గాట్ల సంఖ్య, లోతు వ్రాసికొనుడు. విఱిగిన పిమ్మట ఆ కొలతలు దొరకవు. అవి లేనిదే ఏ యంత్రమును మనకు సాయపడజాలదు.